నియోజకవర్గం లేని నాయకుడు అంతకాలం ఎలా నిలబడ్డారు? కొణిజేటి రోశయ్య గురించి

అడిగిన ప్రశ్న ఇది: "రోశయ్య గారు ప్రజల ఓట్లతో గెలిచింది తక్కువ, శాసనమండలి దారిలో వచ్చింది ఎక్కువ. మరి అంతమంది ముఖ్యమంత్రులు ఆయన్ను మంత్రిగా ఎందుకు పెట్టుకున్నారు? తానే ముఖ్యమంత్రి అయ్యాక 14 నెలలకే ఎందుకు దిగిపోవాల్సి వచ్చింది? ఈ రోజుల్లో రాజకీయాల్లోకి రావాలనుకునేవాడికి ఎమ్మెల్సీ దారి పనికొస్తుందా?"

హైదరాబాద్ అసెంబ్లీ ప్రెస్ గ్యాలరీలో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. ఆయన మాట్లాడుతుంటే నోట్స్ రాసుకోవడం మానేసి నవ్వుకున్న రోజులు ఉన్నాయి, విసుక్కున్న రోజులూ ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తనకంటూ ఒక వర్గం, ఒక జిల్లా, వెనక నడిచే ఎమ్మెల్యేలు లేకపోవడమే ఆయన్ను 30 ఏళ్ల కాలంలో మళ్లీ మళ్లీ మంత్రివర్గాల్లోకి తెచ్చింది. ముఖ్యమంత్రి కుర్చీలో నిలబడనివ్వనిదీ అదే. మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

ముందు లెక్క సరిచూద్దాం. మండలికి 1968, 1974, 1980ల్లో ఎన్నికయ్యారు. మళ్లీ 2009లో. చీరాల నుంచి అసెంబ్లీకి 1989లోనూ 2004లోనూ గెలిచారు. 1998లో నరసరావుపేట నుంచి లోక్‌సభకు వెళ్లారు. అంటే జనం నేరుగా పంపింది మూడుసార్లు, మండలి ద్వారా వచ్చింది నాలుగుసార్లు. మీరన్నది నిజమే, కాకపోతే "దొడ్డిదారి" అని తేల్చేయడానికి తొందరపడకండి.

పుట్టింది 1933 జులై 4న, వేమూరులో. అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా. గుంటూరు హిందూ కాలేజీలో కామర్స్ చదువుతూ విద్యార్థి నాయకుడయ్యారు. నిడుబ్రోలులో ఆచార్య ఎన్.జి. రంగా దగ్గర రాజకీయ పాఠాలు నేర్చుకున్నవాళ్లలో ఒకరు. రంగా శిష్యులకు రైతు సమస్య, సహకార సంఘం, లెక్కాపత్రం అన్నీ కలిపి నేర్పేవారని ఆ తరం వాళ్లు చెప్పేవారు. రోశయ్యగారి ఉపన్యాసాల్లో ఆ గుంటూరు యాసా, ఆ లెక్కా రెండూ చివరిదాకా పోలేదు.

ఆయన వైశ్యుడు. మన రాష్ట్ర రాజకీయాల్లో ఈ మాట పైకి అనకుండా దాటేయడం మర్యాదగా అనిపిస్తుంది గానీ, దాటేస్తే ఆయన కథ అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రుల వరస చూడండి. సంఖ్యాబలమో భూబలమో ఉన్న కులాల బయటి నుంచి ఆ కుర్చీలోకి వచ్చిన సంజీవయ్య, పీవీల లాంటివాళ్లు కొద్దిమందే. ఇద్దరినీ ఢిల్లీయే తెచ్చింది, సంజీవయ్య రెండేళ్ల చుట్టుపక్కల, పీవీ ఏడాది పైచిలుకు మాత్రమే ఉన్నారు. ఊళ్లో నాలుగు కుటుంబాలుండే కులంలోంచి వచ్చినవాడికి ఒక నియోజకవర్గాన్ని సొంత కోటగా మార్చుకోవడం ఎంత కష్టమో ఎన్నికలు చేసినవాళ్లకు తెలుసు. అలాంటివాళ్లు చట్టసభలోకి రావడానికి ఉన్న తలుపుల్లో మండలి ఒకటి.

ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో చాలామందికి తెలియదు, కాస్త వివరంగా చెబుతాను. ఉమ్మడి రాష్ట్ర మండలిలో 90 మంది. మూడోవంతు ఎమ్మెల్యేలు ఎన్నుకునేవాళ్లు, మూడోవంతు స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకునేవాళ్లు, మిగిలినవి పట్టభద్రులవి, ఉపాధ్యాయులవి, గవర్నర్ నామినేషన్లవి. రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. ఎమ్మెల్యే కోటాలో ఒకేసారి పది స్థానాలు ఖాళీ అయ్యాయనుకోండి. సభలో 294 మంది ఓటేస్తే, స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే 11తో భాగించాలి. వచ్చినదానికి కాస్త పైన, సుమారు 27 మంది మొదటి ప్రాధాన్య ఓటు పడితే గెలిచినట్టే. ఆ 27 మంది ఎవరో పోలింగ్‌కు ముందురోజే పార్టీ కాగితం మీద రాసేస్తుంది. ఫలానా జిల్లా వాళ్లు ఫలానా అభ్యర్థికి, రెండో ప్రాధాన్యం ఫలానావారికి అని. కాబట్టి అభ్యర్థి ఒప్పించాల్సింది ఓటర్లను కాదు, ఆ కాగితం రాసేవాళ్లను. ఒకసారి మెప్పించడం పెద్ద విషయం కాదు. వరసగా మూడుసార్లు, పార్టీ చీలినా నాయకులు మారినా మెప్పించారంటే, అక్కడ పనితనం ఉందని ఒప్పుకోవాలి.

మొదటిసారి మంత్రి అయింది 1979లో మర్రి చెన్నారెడ్డి హయాంలో, రోడ్లు భవనాలు, రవాణా శాఖలతో. 1982లో కోట్ల విజయభాస్కరరెడ్డి దగ్గర హోం శాఖ. ఆ మధ్య కాలం కాంగ్రెస్‌లో ఎలాంటిదో గుర్తుందా? 1978 నుంచి 1983 మొదటిదాకా నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల. ఒకరి మనిషి అన్న ముద్ర పడితే ఆ ఒకరితో పాటే దిగిపోవాలి. ఆ ముద్ర పడకుండా బతకడం ఒక విద్య, ఆయనకు అది పట్టుబడింది. అన్నట్టు భవనం కూడా మండలి సభ్యుడిగానే ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా వెనక్కి వెళ్తే 1952లో ఉమ్మడి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ సైతం గవర్నర్ నామినేట్ చేస్తే మండలిలో కూర్చున్నవారే. అప్పట్లో ప్రకాశం పంతులు వర్గం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఈ గొడవ మనకు పాతదే.

1983లో ఎన్టీఆర్ వచ్చారు. అసెంబ్లీలో తెలుగుదేశం, మండలిలో మాత్రం కాంగ్రెస్ మెజారిటీ. రోజూ ఘర్షణే. ఆ ఏడాది మండలిలో జరిగిన రభస మీద ఈనాడు పెట్టిన ఒక శీర్షిక సభాహక్కుల ఉల్లంఘన కేసుగా మారి, సంపాదకుడి అరెస్టుకు ఆదేశాలిచ్చే దాకా, అక్కణ్నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రోశయ్య చమత్కారాలు భరించలేకే ఎన్టీఆర్ మండలి రద్దు చేశారని లాబీల్లో ఒక కథ నడిచేది. వినడానికి బాగుంటుంది, నేను నమ్మను. ఒక సభ్యుడి నోరు మూయించడానికి ఎవరూ రాజ్యాంగంలోని 169వ అధికరణం దాకా వెళ్లరు. రెండో సభలో సంఖ్యాబలం లేకపోవడమే అసలు కారణం. ఏమైనా, 1985లో మండలి పోయింది. 1980లో మొదలైన ఆయన మూడో విడత ఆరేళ్లు నిండకుండానే ముగిసింది. 51 ఏళ్ల వయసులో, హోం శాఖ చూసిన మనిషికి, కూర్చోవడానికి సభే లేదు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే మలుపు ఇదే. మండలి మనుషుల్లో చాలామంది అక్కడితో ఆగిపోయారు. ఆయన 1989లో చీరాల వెళ్లి పోటీ చేశారు. చేనేత మగ్గాల ఊరు, వ్యాపారుల ఊరు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన 1921 నాటి చీరాల-పేరాల పోరాటం పుట్టిన ఊరు. ఎన్టీఆర్ ప్రభుత్వం మీద వ్యతిరేకత గాలిలా వీచిన ఎన్నిక అది. గెలిచారు. గాలి లేకపోతే గెలిచేవారా అంటే చెప్పలేం గానీ, ఆ గాలిలో ఓడినవాళ్లూ ఉన్నారు.

తర్వాత ఐదేళ్లలో కాంగ్రెస్ మళ్లీ ముగ్గురు ముఖ్యమంత్రులను మార్చింది. చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, కోట్ల. ఒకరంటే ఒకరికి పడదు. ఒకరి మనుషులను ఇంకొకరు ఏరిపారేసేవారు. ముగ్గురి దగ్గరా ఆర్థిక శాఖ రోశయ్యదే.

ఎందుకు? ఆర్థిక మంత్రి రోజంతా చేసే పని చూస్తే తెలుస్తుంది. ప్రతి శాఖ ఫైలూ డబ్బుతో ముడిపడితే ఆర్థిక శాఖ ఆమోదానికి రావాల్సిందే. ఎమ్మెల్యే తన ఊరి వంతెన కోసం ముఖ్యమంత్రి దగ్గరకు వెళ్తాడు. ముఖ్యమంత్రి నవ్వుతూ సంతకం పెడతారు, "చేసేద్దాం" అంటారు. ఫైలు ఆర్థిక శాఖకు వెళ్లి కొర్రీతో తిరిగొస్తుంది: ఈ పద్దులో నిధుల్లేవు, వచ్చే ఏడాది చూద్దాం అని. ఎమ్మెల్యే తిట్టేది ముఖ్యమంత్రిని కాదు, ఆర్థిక మంత్రిని. మంచిపేరు అక్కడ, చెడ్డపేరు ఇక్కడ. ఇప్పుడు ఆ కుర్చీలో సొంత వర్గం ఉన్న నాయకుణ్ణి కూర్చోబెట్టారనుకోండి. తనవాళ్లకు నిధులు వదిలి, మిగతావాళ్లకు కొర్రీలు వేసి, ఏడాది తిరిగేసరికి 50 మంది ఎమ్మెల్యేలను కూడగడతాడు. ఏ ముఖ్యమంత్రి ఆ సాహసం చేస్తాడు? "లేదు" అని చెప్పగలగాలి, చెప్పినందుకు పడే తిట్లు మోయాలి, దాన్ని తన బలంగా మార్చుకోకూడదు. ఈ మూడూ ఉన్న మనిషి ఆయన.

పైగా పని తెలుసు. పద్దుల మీద చర్చ జరిగే రోజుల్లో చూడాలి. ప్రతిపక్ష సభ్యుడు ఆ పద్దు తగ్గించాలంటూ కోత తీర్మానం ఇచ్చి, పాత బడ్జెట్ అంకెలు పట్టుకుని లేస్తాడు. మామూలుగా అయితే అధికారుల గ్యాలరీ నుంచి మంత్రికి స్లిప్పు వస్తుంది, మంత్రి అది చూసి చదువుతారు. రోశయ్య విషయంలో స్లిప్పు వచ్చేలోపే జవాబు సగం అయిపోయేది. తెల్ల పంచె, ముక్కు మీద కళ్లద్దాలు, గొంతు పెంచకుండా మొదలుపెట్టి, అడిగినవాడి పార్టీ అధికారంలో ఉన్నప్పటి అంకె ఒకటి తీసి ముందు పెట్టేవారు. ఆ తర్వాత చిన్న చురక. సభ నవ్వేది, చురక తగిలినవాడూ నవ్వేవాడు, అసలు అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందా లేదా అన్నది నవ్వులో కొట్టుకుపోయేది. విలేకరిగా నాకు చిరాకు తెప్పించింది ఇదే. ఓవర్‌డ్రాఫ్ట్ మీదో అప్పుల మీదో సూటిగా చెప్పాల్సిన చోట కూడా హాస్యంతో దాటేసిన సందర్భాలు తక్కువేం కాదు.

ఇప్పటికీ ఫోన్లలో తిరిగే వీడియో ఒకటుంది. తెలివితేటల ప్రస్తావన వచ్చినప్పుడు, నాకంత తెలివే ఉంటే పని చేసిన ముఖ్యమంత్రులను వరసగా ఒక్కో పోటు పొడిచి ఎప్పుడో ఆ కుర్చీ ఎక్కేవాణ్ణి అన్న అర్థంలో చంద్రబాబు వైపు చూస్తూ అన్నది. అందరూ దాన్ని చమత్కారంగా చూస్తారు. నాకది ఆయన ఉద్యోగ దరఖాస్తులా వినిపిస్తుంది. ఏ ముఖ్యమంత్రి అయినా తనను నమ్మి పక్కన కూర్చోబెట్టుకోవడానికి కారణమేమిటో సభలో నిలబడి చెప్పేశారు.

1994లో కాంగ్రెస్ 26 సీట్లకు పడిపోయింది. చీరాల కూడా తెలుగుదేశానికి వెళ్లింది. పార్టీ ఆఫీసు గాంధీభవన్‌లో జనం పలచబడ్డ ఆ రోజుల్లో, 1995 నుంచి 1997 దాకా, పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్) అధ్యక్షుడిగా ఆయన ఉన్నారు. ఎవరికీ పెద్దగా అక్కర్లేని పదవి అప్పుడు. 1998లో నరసరావుపేట నుంచి గెలిచి ఢిల్లీ వెళ్తే, వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయి 1999లో ఆ లోక్‌సభే రద్దయింది.

2004లో చీరాల నుంచి మళ్లీ గెలిచాక వైఎస్ రాజశేఖరరెడ్డి దగ్గర మళ్లీ ఆర్థిక శాఖే. ఉచిత కరెంటు, జలయజ్ఞం, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకదాని వెంట ఒకటి వస్తుంటే వాటికి డబ్బు ఎక్కణ్నుంచి సర్దాలో చూడాల్సింది ఆయన. 2008-09 బడ్జెట్ లక్ష కోట్లు దాటింది. మొత్తం మీద 15 బడ్జెట్లు ప్రవేశపెట్టారని లెక్క, అందులో చివరి ఏడూ వరసగా. 2007లో వైఎస్ మండలిని తిరిగి తెచ్చారు. 2009 ఎన్నికల్లో రోశయ్య చీరాలలో నిలబడలేదు. మండలికి వచ్చి, అదే శాఖ చూశారు.

2009 సెప్టెంబర్ 2న వైఎస్ హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయింది. మరునాడు గవర్నర్ ఎన్.డి. తివారీ రోశయ్యతో ప్రమాణం చేయించారు. ఆయనకు 76 ఏళ్లు. ఇక్కడ మండలి సభ్యత్వం ఎలా పనికొచ్చిందో గమనించండి. ఏ సభలోనూ లేనివాణ్ణి ముఖ్యమంత్రిని చేస్తే ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట గెలవాలి, ఉప ఎన్నిక పెట్టాలి. ఆయనకు ఆ బాధ లేదు. మంత్రివర్గంలో సీనియర్, ఫైళ్లన్నీ తెలిసినవారు, ఎవరికీ పోటీ కానివారు. ఢిల్లీకి ఆ రాత్రికి కావలసినది సరిగ్గా అదే.

కానీ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో అత్యధికులు అప్పటికే కడప ఎంపీ జగన్‌మోహన్‌రెడ్డిని ముఖ్యమంత్రిని చేయాలంటూ సంతకాలు పెట్టేశారు. అంటే తన పార్టీ ఎమ్మెల్యేలు ఇంకొకరిని కోరుకుంటున్నారని రాతపూర్వకంగా తెలిసి కుర్చీలో కూర్చున్న ముఖ్యమంత్రి ఆయన. మండలి సభ్యుడు కాబట్టి అసెంబ్లీలో మాట్లాడగలరు, ఓటు వేయలేరు. 177వ అధికరణం అంతే. 2010 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రిగా ఉంటూ తానే బడ్జెట్ చదివారు. తాను చదివిన బడ్జెట్ మీద అసెంబ్లీలో తనకు ఓటు లేదు. ఎవరైనా అవిశ్వాసం పెట్టినా అంతే. కాగితం మీద చిన్న విషయమే, ఆయన పరిస్థితికి మాత్రం అతికినట్టు సరిపోయింది.

వచ్చిన నెల రోజులకే, అక్టోబర్ 2న కర్నూలు నగరం మునిగింది. ఆ వెంటనే హైదరాబాద్ ఫ్రీ జోన్, అంటే అక్కడి పోలీసు ఉద్యోగాలకు అన్ని ప్రాంతాలవాళ్లూ అర్హులే అన్న సుప్రీంకోర్టు తీర్పు తెలంగాణ ఉద్యోగుల్లో మంట పెట్టింది. నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ నిరాహార దీక్ష మొదలైంది. డిసెంబర్ 7న రోశయ్య అఖిలపక్షం పెట్టి, ఎవరేమన్నారో ఢిల్లీకి పంపారు. 9వ తేదీ రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. తెల్లారేసరికి కోస్తా, రాయలసీమ ఎమ్మెల్యేలు పార్టీలకతీతంగా రాజీనామాలు మొదలుపెట్టారు. ఇంకా విస్తృతంగా సంప్రదింపులు జరపాలన్న 23వ తేదీ ప్రకటనతో అటు తెలంగాణ భగ్గుమంది. ఈ రెండు వారాల్లో వైఎస్ ఉంటే ఏమయ్యేది అన్న చర్చ ఇప్పటికీ టీ కొట్ల దగ్గర నడుస్తుంది, దాని జోలికి నేను పోను. ఒక్కటి మాత్రం చూశాను. రాజీనామా చేస్తున్న ఎమ్మెల్యేకి ఫోన్ చేసి "ఆగవయ్యా, నా మాట విను" అంటే ఆగే మనిషి ఆయనకు ఇటూ లేడు, అటూ లేడు. 30 ఏళ్లు ఎవరి వర్గమూ కట్టకపోవడం వల్ల మంత్రిగా నిలబడ్డారు. ఆ వర్గమే కావలసిన రెండు వారాలొచ్చేసరికి చేతిలో ఎవరూ లేరు. మంత్రులు ఎవరి ప్రాంతం తరఫున వాళ్లు మాట్లాడారు. 2010లో జగన్ ఓదార్పు యాత్ర మొదలయ్యాక కొందరు బహిరంగంగా ఆయన వెంట నడిచారు. ముఖ్యమంత్రి ప్రతిదానికీ ఢిల్లీ వైపు చూడాల్సి వచ్చింది. చేతకానితనం అని అప్పుడు రాసినవాళ్లు ఉన్నారు. మరీ అంత కఠినంగా నేను అనలేను గానీ, పాలన నెమ్మదించిన మాట నిజం.

2010 నవంబర్ 24న రాజీనామా చేశారు. మరునాడు అప్పటిదాకా స్పీకర్‌గా ఉన్న కిరణ్‌కుమార్‌రెడ్డి వచ్చారు. దిగిపోయాక రోశయ్య వేరు కుంపటి పెట్టలేదు, అలిగి పార్టీ మారలేదు. 2011 ఆగస్టు 31న తమిళనాడు గవర్నర్‌గా వెళ్లి పూర్తి ఐదేళ్లు చేశారు. మధ్యలో 2014లో కేంద్రంలో ప్రభుత్వం మారింది, కాంగ్రెస్ నియమించిన గవర్నర్లు చాలామంది ఇళ్లకు పోయారు. ఆయన పోలేదు. అక్కడా అదే విద్య పనిచేసిందని నా అనుమానం. 2021 డిసెంబర్ 4న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఇక మూడో ప్రశ్న. ఎమ్మెల్సీ దారి ఇప్పుడు పనికొస్తుందా? ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది, తెలంగాణలో 40 మంది. ఎమ్మెల్యే కోటా సీట్లు ఎక్కువగా టికెట్ దక్కనివాళ్లకో, పార్టీ మారి వచ్చినవాళ్లకో సర్దుబాటు కింద పోతున్నాయి. స్థానిక సంస్థల సీట్లలో క్యాంపులు పెట్టి ఎంపీటీసీలను బస్సుల్లో తిప్పే ఖర్చు మీకు తెలియనిది కాదు. పైగా సభే ఉంటుందన్న హామీ లేదు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుల గొడవలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మండలి రద్దు తీర్మానం చేసింది, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఆ తీర్మానం పార్లమెంటులో పాసయి ఉంటే 1985లో రోశయ్యకు జరిగిందే అందరికీ జరిగేది.

పార్టీ పెద్దల చేతిలోని కాగితంతో పని లేకుండా రావాలంటే మిగిలింది పట్టభద్రుల సీటు. వయసు 30 నిండాలి. ఓటరు జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. పాత జాబితాలో పేరున్నా మళ్లీ ఫారం 18 నింపాల్సిందే, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి ఉండాలి. అంటే మీకు ఓటేసేవాళ్లను మీరే వెతికి, ఫారాలు నింపించి, డిగ్రీ సర్టిఫికెట్ నకలు జతచేయించి ఇప్పించాలి. ఆ సీటు కింద వచ్చే ఉమ్మడి జిల్లాలన్నిటిలో ఎన్ని వేల ఫారాలు అవసరమవుతాయో, ఎంతమంది కుర్రాళ్లు మీతో తిరగాలో ఇప్పుడే లెక్క వేసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.